పాఠకుల ప్రశ్నలు: స్పెల్లింగ్ తప్పున్న బ్యాండు, ముప్పై ఏళ్ళ తిరుగుడు

పోయిన సంచికలో అమెరికా రెగే-రాక్ బ్యాండ్ 'స్లైట్లీ స్టూపిడ్' గురించి ఒక్క పేరా రాశాను, అదీ పేజీ కింద చోటు మిగిలిందని. సినిమా పాటల గురించి రాసినప్పుడు కూడా ఇన్ని ఉత్తరాలు రాలేదు. అందుకని ఈసారి పేజీ మొత్తం వాళ్ళకీ, వాళ్ళ చుట్టుపక్కల వాళ్ళకీ ఇచ్చేస్తున్నాను. ఇళయరాజా గురించి అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం శాన్ డియాగోలో. పోయిన వేసవిలో మేం వెళ్ళినప్పుడు కారెక్కితే చాలు ఇదే గోల. పేరేంట్రా అని అడిగితే 'స్లైట్లీ స్టూపిడ్' అన్నాడు, నన్నే అంటున్నాడేమో అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, వచ్చేసే వేళకి నాకూ అలవాటైపోయింది. ఎవరండీ వీళ్ళు? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: అమ్మా, అది మీ అబ్బాయి ఉంటున్న ఊరి బ్యాండే. శాన్ డియాగోలో సముద్రం ఒడ్డున ఓషన్ బీచ్ అని ఒక పేట ఉంది, అక్కడివాళ్ళు ముద్దుగా ఓబీ అంటారు. మైల్స్ డౌటీ, కైల్ మెక్‌డొనాల్డ్ అని ఇద్దరు, ఊహ తెలియని వయసు నుంచీ కలిసి పెరిగినవాళ్ళు, తొంభైల మధ్యలో అక్కడే బ్యాండ్ కట్టారు. పేరులో స్పెల్లింగ్ కూడా కావాలనే తప్పు రాసుకున్నారు, 'స్టూపిడ్'లో యూ తీసేసి రెండు ఓలు పెట్టారు. హైస్కూల్ పిల్లలు పెట్టుకున్న పేరు ఇంతకన్నా పద్ధతిగా ఉంటుందా చెప్పండి.

అసలు మలుపు ఇక్కడ. శాన్ డియాగోకి ఉత్తరాన, కారులో రెండు గంటల దూరంలో లాంగ్ బీచ్ ఉంది. అక్కడ 1988లో పుట్టిన 'సబ్లైమ్' అనే బ్యాండ్ పంక్ రాక్‌నీ జమైకా రెగేనీ కలిపి కొడుతూ కుర్రకారుని ఊపేస్తోంది. దాని గాయకుడు బ్రాడ్లీ నోవెల్‌కి స్నేహితుడితో కలిసి పెట్టుకున్న 'స్కంక్ రికార్డ్స్' అనే చిన్న సొంత లేబుల్, అంటే రికార్డు కంపెనీ, ఉండేది. మొదటి ఆల్బమ్ 1992లో దాని మీదే తెచ్చి కారు డిక్కీలో పెట్టుకుని అమ్ముకున్న మనుషులు. ఈ ఓబీ కుర్రాళ్ళ వాయింపు నోవెల్‌కి నచ్చి, ఇంకా స్కూల్లో ఉండగానే వాళ్ళని తన లేబుల్లోకి తీసుకున్నాడు. 1996లో వీళ్ళ మొదటి ఆల్బమ్ వచ్చింది.

అదే ఏడాది మే 25న నోవెల్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక మోటల్ గదిలో హెరాయిన్ ఎక్కువై చనిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు. పెళ్ళయి వారం, ఇంట్లో ఏడాది కూడా నిండని పిల్లాడు. సబ్లైమ్ పెద్ద కంపెనీకి చేసిన ఆల్బమ్ రెండు నెలల తర్వాత వచ్చి లక్షల్లో అమ్ముడుపోయింది, చూసుకోవడానికి మనిషి లేడు. (ఆ పిల్లాడు జేకబ్ నోవెల్ ఇప్పుడు పెద్దవాడై, 2024లో కాలిఫోర్నియాలో జరిగే కోచెల్లా సంగీతోత్సవం వేదిక మీద తండ్రి స్థానంలో నిలబడి సబ్లైమ్ పాటలు పాడాడు. తండ్రి పాటలు ఆయనకి రికార్డుల్లో విన్న జ్ఞాపకమే తప్ప ఎదురుగా విన్న జ్ఞాపకం ఉండే వయసు కాదు, ఆ వీడియో చూస్తుంటే నాకు అదే గుర్తొచ్చి కాసేపు మాట పెగల్లేదు.)

చేయి పట్టుకుని తీసుకొచ్చినవాడు పోయాక చాలా బ్యాండ్లు అక్కడితో సరి. వీళ్ళు 1998లో రెండో ఆల్బమ్ చేశారు, తర్వాత శాన్ డియాగోలో ఒక రేడియో స్టేషన్ స్టూడియోలో ఇద్దరూ అకౌస్టిక్ గిటార్లు పట్టుకుని కూర్చుని పాడింది 2001లో ఆల్బమ్‌గా వచ్చింది. నన్నడిగితే బ్యాండ్ నిజంగా మొదలైంది అక్కడే. తొలి రెండిటిలో పంక్ గోల ఎక్కువ, పాట వెనకాల దాక్కుని ఉంటుంది. ఇందులో దాక్కోడానికి ఏమీ లేదు, రెండు గొంతులూ రెండు గిటార్లూ అంతే. మీకు కారులో అలవాటైన మెత్తదనం అక్కడి నుంచి వచ్చిందే అనుకుంటాను.

ప్రశ్న: సార్, ఆరు నెలలుగా గిటార్ నేర్చుకుంటున్నా. మామూలు స్ట్రమ్మింగ్ వస్తోంది, రెగే మాత్రం నేను వాయిస్తే భజన లాగా ఉంటోంది. లోపం ఎక్కడ? (ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: భజనలాగా ఉంటోందంటే లోపం ఎక్కడో నువ్వే చెప్పేశావు తమ్ముడూ. మనకి చిన్నప్పటి నుంచీ ఒకటో దెబ్బ మీద బరువు పెట్టడం అలవాటు. రెగే ఆ దెబ్బని ఖాళీగా వదిలేస్తుంది.

గిటార్ పక్కన పెట్టు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నిదానంగా లెక్కపెడుతూ రెండుకీ నాలుక్కీ మాత్రమే చప్పట్లు కొట్టు. గిటార్ ఉండాల్సింది అక్కడే. ఇప్పుడు మూడు దగ్గర కాలితో నేల మీద ఒక్కటి కొట్టు, డ్రమ్ములో పెద్ద దెబ్బ పడేది అక్కడ. దాన్నే వన్ డ్రాప్ అంటారు, బాబ్ మార్లే డ్రమ్మర్ కార్ల్‌టన్ బారెట్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది అదే. ఒకటి దగ్గర ఏమీ లేదు. ఆ ఖాళీలో ఏదో ఒకటి వాయించాలని చెయ్యి లాగుతుంది చూడు, వాయించకూడదు.

రెండో సంగతి ఎడమ చెయ్యి. కార్డ్ పట్టుకుని కుడి చేత్తో సన్న తీగల మీద కొట్టగానే ఎడమ వేళ్ళని వదులు చేసేయాలి, తీగల మీంచి ఎత్తకుండా ఒత్తిడి మాత్రం తీసేయాలి. అప్పుడు 'ఝంయ్' అని సాగదు, 'చక్' అని తెగుతుంది. ఉల్లిపాయ తరిగే చప్పుడులాగా ఉండాలి. ఆ తెగడం రాకపోతే ఎంత లెక్కగా వాయించినా భజనే.

ఇంకోటి, స్లైట్లీ స్టూపిడ్‌లో మైల్స్, కైల్ ఇద్దరూ షో మధ్యలో గిటారూ బేసూ (లావు తీగలతో కింది స్వరాలు పలికే గిటార్) మార్చుకుంటారు. రెగేలో పాటని మోసేది బేస్, గిటార్ పక్కన చప్పట్లు కొట్టే మనిషి లాంటిది. నీ ఫ్రెండ్ దగ్గర బేస్ ఉంటే వారం రోజులు అది వాయించి చూడు, తర్వాత గిటార్ దానంతటదే దారిలోకి వస్తుంది.

ప్రశ్న: వాళ్ళది సొంత లేబుల్ అని, పెద్ద కంపెనీ ఏదీ వెనక లేదని రాశారు. పెద్ద హిట్ కూడా లేదన్నారు. మరి ముప్పై ఏళ్ళు సంసారాలు ఎలా నడిచాయి? లెక్కలు చూసే ఉద్యోగం నాది, అందుకని అడుగుతున్నా. (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: మీలాంటివాళ్ళు అడగాల్సిన ప్రశ్నే ఇది. వీళ్ళ కథలో నాకు బాగా నచ్చే భాగమూ ఇదే.

ముందు హక్కుల సంగతి. స్టూడియోలో రికార్డ్ చేసిన అసలు ప్రతిని మాస్టర్ అంటారు. పాట రాసిన హక్కు వేరు, ఈ మాస్టర్ మీద హక్కు వేరు. మామూలుగా పెద్ద కంపెనీ అడ్వాన్స్ ఇచ్చి మాస్టర్‌ని తన పేర పెట్టుకుంటుంది. ఆ అడ్వాన్స్ బహుమతి కాదు, అప్పు లాంటిదే. రికార్డింగ్ ఖర్చూ, వీడియో ఖర్చులో వాటా కూడా బ్యాండ్ రాయల్టీలోంచి కోసుకున్నాకే వాళ్ళ చేతికి రూపాయి. ఆల్బమ్ ఆడకపోతే వచ్చేదేమీ లేదు, పైగా మాస్టర్ కంపెనీ బీరువాలో. వీళ్ళు 'స్టూపిడ్ రికార్డ్స్' అని సొంత లేబుల్ పెట్టుకుని 2005లో 'క్లోజర్ టు ద సన్' దాని మీదే తెచ్చారు. తర్వాత శాన్ డియాగోలో సొంత స్టూడియో కూడా కట్టుకున్నారు. 2012 నాటి 'టాప్ ఆఫ్ ద వరల్డ్'లో ఇరవైకి పైగా పాటలున్నాయంటే ఆశ్చర్యపడక్కర్లేదు, గంటకింత అని అద్దె కట్టేవాడు అన్ని పాటలు చేస్తాడా? 2015 ఆల్బమ్ పేరులోనే ఆ స్టూడియో ఉంది, 'మీన్‌వైల్, బ్యాక్ ఎట్ ద ల్యాబ్' అని.

అయితే లేబుల్ పెట్టుకున్నంత మాత్రాన కడుపు నిండదు. అన్నం పెట్టింది రోడ్డు. మన సురభి వాళ్ళు డేరా, తెరలు, పిల్లాజెల్లాతో ఊరూరా తిరిగినట్టు వీళ్ళు బస్సులో తిరిగారు, ఏటా వేసవి వస్తే చాలు దేశం మీద పడటమే. అందులో ఒక కిటుకుంది, మీ లెక్కల బుర్రకి నచ్చుతుంది. ఒక్కరే వెళ్ళరు, ఇంకో బ్యాండ్‌తో కలిసి టికెట్ అమ్ముతారు. 2009లో ర్యాపర్ స్నూప్ డాగ్‌తో, 2012లో 311, సోజా బ్యాండ్లతో, 2018లో స్టిక్ ఫిగర్, పెప్పర్‌లతో, 2024లో డర్టీ హెడ్స్‌తో. ఒకరి అభిమానులు ఇంకొకరి పాట వింటారు. విడిగా అయితే చిన్న హాలు నింపేవాళ్ళు కలిసి వేల మంది పట్టే ఆరుబయలు థియేటర్ నింపుతారు. కొలరాడోలో ఎర్రకొండల మధ్య రాతిలోనే అమరినట్టుండే రెడ్ రాక్స్‌లో తొమ్మిదివేల పైచిలుకు జనం పడతారు, ఒక్క రేడియో హిట్ కూడా సరిగ్గా లేని వీళ్ళకి అది ఇంచుమించు వేసవి విడిది అయిపోయింది.

టికెట్ తర్వాత టీషర్టు. తేలిగ్గా తీసుకోకండి. పాట ఫోన్లో ఒకసారి మోగితే వచ్చేది పైసల్లో ముక్క, షో అయ్యాక చెమటతో బయటికొచ్చినవాడు బల్ల దగ్గర క్యూ కట్టి కొనే టీషర్టు మీద మిగిలేది దానికి ఎన్ని రెట్లో. టూర్ పేరు, ఊళ్ళ పేర్లు వీపు మీద అచ్చేస్తారు కాబట్టి పోయినేడాదిది ఉన్నా మళ్ళీ కొంటాడు. ఇది చాలదన్నట్టు మెక్సికో తీరంలో రివియెరా మాయా దగ్గర రిసార్ట్‌లో 'క్లోజర్ టు ద సన్' పేరుతోనే అభిమానులకి విహారయాత్ర పెట్టారు. పగలు సముద్రం, రాత్రి పాట. పాతికేళ్ళప్పుడు గుంపులో గెంతినవాడు నలభై దాటాక భార్యాపిల్లలతో వస్తాడు, జేబులో ఈసారి డబ్బులుంటాయి.

ప్రశ్న: గ్రామీ వచ్చిందా? (ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: వీళ్ళకి రాలేదు. ఇదే గుంపులో వర్జీనియా రాష్ట్రం ఆర్లింగ్టన్ బ్యాండ్ 'సోజా'కి వచ్చింది, 2022 ఏప్రిల్‌లో, 'బ్యూటీ ఇన్ ద సైలెన్స్' ఆల్బమ్‌కి. వాళ్ళూ 1997 నుంచి తిరుగుతున్నవాళ్ళే. అయితే ఆ ఏడాది పోటీలో షాన్ పాల్, స్పైస్, జెస్సీ రాయల్, ఎటానా, గ్రాంప్స్ మోర్గాన్ ఉన్నారు. జమైకా వాళ్ళని, అందులోనూ డాన్స్‌హాల్ (రెగేలోంచి పుట్టిన జమైకా డాన్స్ సంగీతం) రాణి అని పేరున్న స్పైస్‌ని కాదని అమెరికా బ్యాండ్‌కి రెగే గ్రామీ ఏమిటని పెద్ద రభస అయింది.

నా మాట అడిగితే, సోజాని తిట్టడం అన్యాయం, కానీ కోపం మాత్రం న్యాయమే. ఓటు వేసేది అమెరికా అకాడమీ సభ్యులు, వాళ్ళు ఎక్కువగా విన్న పేరుకే వేస్తారు. రెగేకి విడిగా గ్రామీ పెట్టిందే 1985లో. బాబ్ మార్లే 1981లోనే పోయాడు. అంటే ఆ సంగీతానికి ప్రపంచంలో మొహం అయిన మనిషికే ఆ బహుమతి అందలేదు.

ప్రశ్న: నలభై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మీరు రాశారని మనవడి చేత ఆ బ్యాండ్ పాటలు పెట్టించుకున్నాను. సగం పాటల్లో గంజాయి ప్రస్తావనే అని వాడే చెప్పి నవ్వాడు. ఇలాంటివాళ్ళని పత్రికలో పొగడటం అవసరమా? (ఒక పాఠకుడు, రాజమండ్రి)

జవాబు: మాస్టారూ, ఉన్నమాటే అన్నారు, సగమేం ఖర్మ, కొన్ని ఆల్బమ్‌లలో అంతకన్నా ఎక్కువే. నాక్కూడా కొంతసేపటికి విసుగొస్తుంది. పద్దెనిమిదేళ్ళవాడు పాడితే కుర్రతనం అనుకుంటాం, నలభై దాటినవాళ్ళు అదే పల్లవి పట్టుకుంటే వేరే పల్లవి దొరకలేదా అనిపిస్తుంది.

కాకపోతే మీకొక సంగతి చెప్పాలి, మీకు చరిత్ర ఇష్టమైతే. జమైకాలో దాన్ని గాంజా అనే అంటారు. ఆ మాట మనదే. 1845లో చెరకు తోటల్లో పనికి కూలి ఒప్పందం మీద మన దేశం నుంచి మొదటి ఓడ జమైకా చేరింది, తర్వాత డెబ్బై ఏళ్ళ పాటు విడతలు విడతలుగా ఓడలు వెళ్ళాయి. ఆ కూలీలతో పాటు మొక్కా వెళ్ళింది, మాటా వెళ్ళింది. అక్కడి వాడుకలో దానికి 'కాలీ' అని ఇంకో పేరుంది, అది మన కాళి పేరే అని కొందరంటారు. స్లైట్లీ స్టూపిడ్ పాటల్లో 'కాలీ మ్యాన్' బాగా పేరున్నది. తిరిగి తిరిగి మీ మనవడి ఫోన్లోకి వచ్చిందన్నమాట, ఏ దారిన వచ్చిందో చూడండి.

చట్టం సంగతి మాత్రం మనవడికి విడమరిచి చెప్పండి. కాలిఫోర్నియాలో 2016 నవంబర్ ఓటింగ్‌తో పెద్దవాళ్ళకి అది చట్టబద్ధమైంది. మన దగ్గర 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఉంది, దొరికితే కేసే, పాటలో విన్నానంటే ఎస్సై వినడు. ఇంకొకటి, మొదటి జవాబులో నోవెల్ ఎలా పోయాడో రాశాను. ఈ బ్యాండ్‌ని చేయి పట్టుకుని పైకి తెచ్చినవాడు ఆయనే. ఆ రెండు పేరాలూ మీ మనవడి చేత చదివించండి, నేను వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మేం ఫ్రీమాంట్‌లో ఉంటాం. ఇలాంటి బ్యాండ్లన్నీ ఒకేచోట పాడే జాతర లాంటిది ఏదైనా ఉందా? పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా? (ఒక పాఠకుడు, కాలిఫోర్నియా)

జవాబు: మీకు దగ్గర్లోనే, మాంటెరేలో. 'కాలిఫోర్నియా రూట్స్' అని 2010లో మొదలైంది, మే నెలాఖరులో మెమోరియల్ డే సెలవులకి జరుగుతూ వచ్చింది. బయల్దేరేముందు ఈ ఏడాది ఉందో లేదో చూసుకోండి. పిల్లలంటారా, పై మాస్టారి ఉత్తరం చదివి మీరే తేల్చుకోండి. అక్కడి గాలి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అది జరిగే మైదానానికి వెళ్తే ఒక్క నిమిషం నిలబడండి. 1967 జూన్‌లో మాంటెరే పాప్ ఫెస్టివల్ జరిగింది అక్కడే. ఆదివారం మధ్యాహ్నం రవిశంకర్ సితార్, అల్లా రఖా తబలా, గంటలకొద్దీ వాయిస్తే జిమీ హెండ్రిక్స్‌తో సహా అందరూ కూర్చుని విన్నారు.

ప్రశ్న: దేనితో మొదలుపెట్టమంటారు? (ఇద్దరు ముగ్గురు అడిగారు)

జవాబు: స్లైట్లీ స్టూపిడ్‌లో 2001 అకౌస్టిక్‌తో, తర్వాత 'క్లోజర్ టు ద సన్'. మొదటి రెండూ చివర్న వినండి. శాంటా బార్బరా పక్కన ఐలా విస్టాలో చదువుకునే కుర్రాళ్ళు 2004లో పెట్టిన 'రెబెల్యూషన్' ఇంకా మెత్తగా ఉంటుంది, వాళ్ళదీ సొంత దారే. వాళ్ళ 2012 'పీస్ ఆఫ్ మైండ్' ఆల్బమ్‌ని మూడు రకాలుగా ఇచ్చారు, మామూలుది, అకౌస్టిక్, డబ్ (గొంతు తగ్గించి, బేసూ డ్రమ్ములూ ముందుకు తెచ్చి మళ్ళీ మలిచింది). ఒకే పాట మూడింటిలోనూ వరుసగా వినండి, డబ్ అంటే ఏమిటో నేను పేజీ రాసినా రానంత బాగా అర్థమవుతుంది.

ప్రశ్న: మేం నలుగురం, కాలేజీలో బ్యాండ్. ఆరు సొంత పాటలున్నాయి. ఒకాయన రికార్డింగ్ ఖర్చు తనే పెట్టుకుంటానని, పాటల మీద సర్వహక్కులూ రాసిమ్మని కాగితం తెచ్చాడు. ఎంతకాలమో అందులో లేదు. టెన్షన్‌గా ఉంది. సంతకం పెట్టాలా? (విజయవాడ)

జవాబు: ఇవాళ పెట్టకండి. ఆయన మంచివాడే కావచ్చు, కాగితం మాత్రం మంచిది కాదు.

మన కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ చదవండి, చిన్నదే. హక్కులు రాసిచ్చే కాగితంలో కాలం రాయకపోతే ఐదేళ్ళనే లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. రాయించుకున్నవాడు ఏడాదిలోగా వాడుకోకపోతే, కాగితంలో వేరేగా రాసి ఉంటే తప్ప, ఆ హక్కులు మీకే తిరిగొస్తాయి. కాబట్టి ఆయన రేపు 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని కొత్త ముక్క చేర్చి తెస్తే ఎందుకు తెచ్చాడో మీకు తెలిసిపోవాలి.

రికార్డింగ్ ఖర్చు ఎంతవుతుందో అంకె అడగండి. స్టిక్ ఫిగర్ పేరు పైన వచ్చింది కదా, ఆ బ్యాండ్ అంతా స్కాట్ వుడ్రఫ్ అనే ఒక్క మనిషి గదిలో కూర్చుని వాద్యాలన్నీ తనే వాయించుకుని మొదలుపెట్టింది. మీరు నలుగురున్నారు, ఇంట్లో లాప్‌టాప్ కూడా ఉండే ఉంటుంది. ఆయన అంకె చెప్పాక నలుగురూ పంచుకుంటే తలా ఎంత పడుతుందో చూసుకోండి. మరీ భారమైతే ఒకటి రెండు పాటలు మాత్రమే, మూడేళ్ళకి మాత్రమే, మాస్టర్ మీ పేరు మీదే ఉంచి ఇస్తామని చెప్పి చూడండి. సంతకానికి ముందు ఒక లాయరుకి చూపించండి, మీ నలుగురిలో ఎవరి మేనమామో ఒకాయన లాయరు అయ్యే ఉంటాడు.

ఆయన ఏమన్నాడో నాకు రాయండి. పాట కూడా పంపండి, ఆరింటిలో ఏది మీకు బాగా నచ్చితే అది.